నైట్ డ్యూటీలో ఎన్ని పడకలు? చేరకముందే అడగండి

ఏ పేపరు తిరగేసినా, ఏ జాబ్ యాప్ తెరిచినా ఈ ప్రకటన కనిపిస్తుంది. ‘స్టాఫ్ నర్సులు కావలెను. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్. ఫ్రెషర్స్ కూడా రావచ్చు. వాక్-ఇన్.’ పోయిన నెలా అదే ఆసుపత్రి, ఈ నెలా అదే ఆసుపత్రి. చూసినవాళ్లు ‘నర్సింగ్ చదివితే ఉద్యోగానికి ఢోకా లేదు’ అంటారు. నిజమే, లేదు. కానీ నర్సింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్న మీరు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ ఆసుపత్రి కొత్త బ్లాకు కట్టలేదు, పడకలు పెంచలేదు. మరి ప్రతి నెలా ఖాళీలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

చేరినవాళ్లు వెళ్లిపోతుంటే వస్తున్నాయి. కొందరు ఎక్కువ జీతానికి వెళ్తారు, కొందరు పెళ్లై వెళ్తారు, కొందరు జర్మనీకో గల్ఫ్‌కో వెళ్తారు. ఇంకొందరు మాత్రం ఏ ఉద్యోగమూ చేతిలో లేకుండానే, ‘ఇక నావల్ల కాదు’ అని రాజీనామా రాసి ఇంటికి వెళ్తారు. నాలుగేళ్లు చదివి, లోను తీసుకుని, ఏడాదికే తెల్ల కోటు మడతపెట్టేస్తారు. ఈ చివరి రకం గురించే ఈ వ్యాసం. ఎందుకంటే ఇది ముందే చూసుకుంటే చాలావరకు తప్పించుకోదగ్గది.

ప్రపంచం మొత్తంలో 2.98 కోట్ల మంది నర్సులు ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన నివేదిక చెబుతోంది. ఇంకా 58 లక్షల మంది కొరత ఉందట. కాబట్టి అవకాశాలకు లోటు లేదు. ఆ అవకాశంలో మీరు ఎన్నాళ్లు నిలబడగలరన్నదే అసలు సంగతి.

అలసట వేరు, ఇది వేరు

అందరూ అలసిపోతారు. రెండు రోజులు సెలవు దొరికి, కడుపునిండా తిని, పన్నెండు గంటలు నిద్రపోతే తీరిపోయేది అలసట. సెలవు తర్వాత కూడా డ్యూటీ బస్సు ఎక్కాలంటే కడుపులో తిప్పినట్టు ఉంటే, దానికి వేరే పేరుంది. బర్న్‌అవుట్.

ఈ మాటను మానసిక శాస్త్రంలోకి తెచ్చింది అమెరికాలోని హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. 1974లో, సేవా సంస్థల్లో పనిచేసేవాళ్లు క్రమంగా ఎలా ఖాళీ అయిపోతారో రాశారు. తర్వాత క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ కలిసి 1981లో దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. నేటికీ నర్సుల మీద జరిగే అధ్యయనాల్లో ఎక్కువగా కనిపించేది అదే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్న్‌అవుట్‌కు నిర్వచనం ఇస్తూ ఒక ముఖ్యమైన గీత గీసింది. ఇది జబ్బు కాదు, పనిచేసే చోట సరిగా సర్దుబాటు చేయని దీర్ఘకాలపు ఒత్తిడి ఫలితం అంది. గమనించారా? లోపం మనిషిలో ఉందని అనలేదు. పనిచేసే చోటును చూపించింది.

దీనికి మూడు ముఖాలు ఉంటాయి. ఒకటి, ఒంట్లో మనసులో సత్తువ లేకపోవడం. రెండోది, పనికీ మనుషులకూ దూరంగా జరగడం. వార్డులో రోగిని ‘12వ బెడ్’ అనడం అందరూ చేసేదే, అందులో తప్పేం లేదు. కానీ ఆ 12వ బెడ్ మీదున్న పెద్దాయన పేరేంటో, ఆయన ఎందుకు ఏడుస్తున్నాడో తెలుసుకోవాలని కూడా అనిపించని రోజు వస్తుంది. నిన్నటిదాకా మెత్తగా మాట్లాడిన అమ్మాయి ‘ఎన్నిసార్లు చెప్పాలి నీకు?’ అని గయ్యిమంటుంది. తర్వాత బాత్రూంలోకి వెళ్లి తనే ఏడుస్తుంది. మూడోది, ‘నేను చేసేదాని వల్ల ఎవరికైనా ఒరిగేది ఉందా’ అన్న నిరాశ.

రెండో ముఖం దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే మనవాళ్లు దాన్ని గుణం కింద జమకట్టేస్తారు. ‘ఆ సిస్టర్‌కి పొగరు’ అంటారు. చాలాసార్లు అది పొగరు కాదు. రోజుకు పాతికమంది బాధను మోయలేక మనసు తనకు తాను వేసుకున్న తలుపు.

ఒక రాత్రి లెక్క

మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నగరంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో అయిదు రాత్రులు తోడుగా ఉన్నాను. మూడో రాత్రి మూడున్నర దాటాక, నర్సింగ్ స్టేషన్ పక్కన ఒక అమ్మాయి నిలబడి టిఫిన్ బాక్సులోంచి అన్నం తింటోంది. ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. రాత్రి తొమ్మిదికి తినాల్సింది అది. ‘ఎంతమందిని చూస్తున్నావమ్మా?’ అని అడిగితే, ‘ఇవాళ ఇరవై ఆరు సార్’ అంది. అంతలో ఎవరిదో సెలైన్ అయిపోయింది, బాక్సు మూసేసి పరుగెత్తింది.

ఆ ఇరవై ఆరును కాగితం మీద పెట్టి చూద్దాం. మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి మర్నాడు 8 దాకా షిఫ్టులు. అంటే రాత్రి 12 గంటలు, 720 నిమిషాలు. డ్యూటీ తీసుకునేటప్పుడు, అప్పగించేటప్పుడు అరగంట చొప్పున గంట పోతుంది. మిగిలింది 660 నిమిషాలు. 26 మందికి పంచితే ఒక్కొక్కరికి 25 నిమిషాలు. రాత్రంతా కలిపి! ఆ పాతిక నిమిషాల్లోనే బీపీ, టెంపరేచర్, షుగర్ చూడాలి. రాత్రి మందులు, తెల్లవారుజాము యాంటీబయాటిక్ ఇవ్వాలి. క్యాన్యులా బిగుసుకుపోతే కొత్తది పెట్టాలి. యూరిన్ బ్యాగు చూడాలి. అవన్నీ కేస్ షీట్‌లో ఎక్కించాలి. కొత్త అడ్మిషన్ వస్తే దాని ఫైలు వేరే.

ఇప్పుడు ఒక్క రోగికి ఊపిరి ఆడటం కష్టమైందనుకోండి. ఆయన దగ్గరే రెండు గంటలు గడిచాయి. మిగిలిన 25 మందికి తలా 21 నిమిషాలు. వాళ్ల తాలూకు మనుషులు వరుసగా వచ్చి, ‘సిస్టర్, గంట నుంచి పిలుస్తున్నాం, ఎవరూ పట్టించుకోరా?’ అంటారు. వాళ్లదీ తప్పు కాదు. ఆ అమ్మాయికి టీ తాగే టైం, కూర్చునే టైం, బాత్రూంకి వెళ్లే టైం ఈ లెక్కలో నేను కలపనేలేదు.

ఇలాంటి రాత్రి ఒకటైతే ఎవరైనా నెట్టుకొస్తారు. వరుసగా ఆరు, ఆ తర్వాత ఒక ఆఫ్, వెంటనే మార్నింగ్ డ్యూటీ, మధ్యలో ఎవరో రాలేదని ఫోన్ చేసి డబుల్ డ్యూటీ. ఏడాదిపాటు. అప్పుడు మొదలవుతుంది అసలు కథ.

ఇది ఊహ కాదు, లెక్క తేలిన విషయం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రుల్లో పదివేల మందికి పైగా నర్సుల సమాచారంతో లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ, ఆమె బర్న్‌అవుట్‌కు లోనయ్యే అవకాశం 23 శాతం పెరుగుతోందని తేలింది. అదే ఒక్క రోగి పెరగడంతో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం కూడా 7 శాతం పెరుగుతోంది. అంటే నర్సుకు ఊపిరాడని వార్డు రోగికీ మంచిది కాదు. కాలిఫోర్నియా 2004 నుంచి ‘ఒక నర్సుకు ఇంతకన్నా ఎక్కువమంది రోగులు ఉండకూడదు’ అని చట్టం అమలు చేస్తోంది. అక్కడ మామూలు మెడికల్, సర్జికల్ వార్డులో అయిదుగురికి ఒకరు, ఐసీయూలో ఇద్దరికి ఒకరు ఉండాలి.

మన దగ్గర నియమాలు లేవా అంటే, ఉన్నాయి. భారత నర్సింగ్ మండలి ప్రమాణాల్లో బోధనాసుపత్రి జనరల్ వార్డుకు 1:3 అని ఉంటుంది. దీన్ని ఇంటర్వ్యూల్లో గొప్పగా చెబుతారు, విన్నవాళ్లు ‘అబ్బ, ముగ్గురు రోగులకు ఒక నర్సా!’ అనుకుంటారు. జాగ్రత్త. అది రోజు మొత్తం, మూడు షిఫ్టులూ కలిపిన లెక్క. ఒక షిఫ్టులో చూస్తే 1:9. సెలవుల కోసం ఇంకో 30 శాతం సిబ్బంది అదనంగా ఉండాలన్నది కూడా ఆ ప్రమాణంలోదే. ఈ అదనపు సిబ్బంది లేని చోటే ‘ఫలానా సిస్టర్ రాలేదు, నువ్వు ఉండిపో’ అన్న మాట వినిపిస్తుంది. పైన చెప్పిన అమ్మాయి 26 మందిని చూస్తోంది. తొమ్మిదికీ ఇరవై ఆరుకీ మధ్య ఎంత దూరం ఉందో మీరే చూడండి.

బరువంతా రోగులదే కాదు

పడకలు ఎక్కువ కావడం పెద్ద కారణమే. కానీ అదొక్కటే అయితే ఐసీయూ నర్సులు హాయిగా ఉండాలి కదా, లేరు. మస్లాక్, మైఖేల్ లైటర్ కలిసి చేసిన పరిశీలనలో బర్న్‌అవుట్‌కు పనిభారంతో పాటు ఇంకొన్ని మూలాలు తేలాయి. తన పని మీద తనకు పట్టు లేకపోవడం, చేసినదానికి తగిన ప్రతిఫలం, గుర్తింపు దక్కకపోవడం, తోటివాళ్ల ఆసరా లేకపోవడం, అందరికీ ఒకే న్యాయం లేకపోవడం, మనసు ఒప్పుకోని పని చేయాల్సి రావడం.

మన వార్డుల్లో ఇవన్నీ ఎదురుగా కనిపిస్తాయి. బిల్లు ఎందుకింత వచ్చిందని అటెండెంట్లు అరిచేది నర్సు మీద. డాక్టర్ ఇంకా రాలేదని అరిచేదీ నర్సు మీదే. ల్యాబ్ రిపోర్టు తెప్పించడం, ఫార్మసీ ఇండెంట్ పెట్టడం, ఇన్సూరెన్స్ కాగితాలు సర్దడం, ఆడిట్ వస్తోందంటే ఫైళ్లు నింపడం కూడా ఆమె నెత్తినే. వీటిలో సగం నర్సింగ్ పుస్తకంలో ఎక్కడా లేవు. రాత్రంతా నిలబడ్డ మనిషికి పొద్దున రౌండ్స్‌లో అందరి ముందూ పడే చీవాట్లు ఉంటాయే, ఒంటి నొప్పి కన్నా అవే ఎక్కువ కాలం ఉంటాయి.

జీతం సంగతి సరేసరి. ప్రైవేటు నర్సుల పరిస్థితి మీద వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతం ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని, 50 పడకల లోపు ఆసుపత్రుల్లో అయినా నెలకు 20 వేలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. ఇది సిఫార్సు. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. నర్సుల సంఘాలు గట్టిగా నిలబడిన కేరళలో 2018లో కనీస వేతనం 20 వేలు చేస్తూ నోటిఫికేషన్ వచ్చింది. మీకు వచ్చిన ఆఫర్ లెటర్‌ను ఈ అంకె పక్కన పెట్టి ఒకసారి చూసుకోండి.

ఇంకో మాట. 2020 మే 3న సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి మీద వాయుసేన హెలికాప్టర్ నుంచి పూలు చల్లారు, మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. ఆ జులైలోనే అదే ఆసుపత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతం పెంచాలని, ఉద్యోగాలు క్రమబద్ధం చేయాలని విధులు పక్కన పెట్టి నిరసనకు కూర్చున్నారు. పూలు వద్దని కాదు. ‘దేవతలు’ అని పిలిచేటప్పుడు దేవతలకు ఆకలి, అద్దె, ఈఎంఐ ఉండవన్నట్టు మాట్లాడతాం చూశారూ, అదే ఇబ్బంది.

తట్టుకునేవాళ్లు ఏం చేస్తున్నారు?

ఇక్కడ ఒక తేడా తెలుసుకుంటే సగం సమస్య తేలిపోతుంది. రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే మానసిక శాస్త్రవేత్తలు 1984లో ఒత్తిడిని ఎదుర్కొనే దారులను రెండుగా చెప్పారు. సమస్యనే మార్చే ప్రయత్నం ఒకటి. సమస్య వల్ల కలిగిన బాధను సర్దుకునే ప్రయత్నం రెండోది. రెండూ కావాలి. కానీ ఒకటి వాడాల్సిన చోట రెండోది వాడితే పనిచేయదు.

మీ చేతుల్లో ఒక పసిబిడ్డ చనిపోయిందనుకోండి. దాన్ని డ్యూటీ చార్ట్ మార్చి సరిచేయలేం. అప్పుడు కావలసింది మాట్లాడే మనిషి. కొన్ని వార్డుల్లో సీనియర్ సిస్టర్లు ఒక మంచి అలవాటు పెట్టుకుంటారు. మరణం జరిగిన షిఫ్టు అయ్యాక కొత్తవాళ్లను వెంటనే పంపేయరు. టీ తాగిస్తారు. ‘నువ్వు చేయాల్సిందంతా చేశావు, అడ్రినలిన్ ఎప్పుడిచ్చావో నేను చూశాను’ అని ఒక్క మాట చెబుతారు. ఆ పది నిమిషాలు లేకుండా ఇంటికి వెళ్లిన అమ్మాయి, ‘నా వల్లే పోయిందా’ అని తెల్లారేదాకా తవ్వుకుంటూ ఉంటుంది.

అదే, సమస్య వరుస నైట్లు అయితే? దానికి యోగా క్లాసు మందు కాదు. చాలా ఆసుపత్రులు నర్సెస్ డే రోజున స్ట్రెస్ మేనేజ్‌మెంట్ మీద లెక్చర్ పెట్టిస్తాయి. నైట్ దిగిన వాళ్లను కూడా కూర్చోబెడతాయి! ధ్యానం మంచిదే, వ్యాయామం మంచిదే. కానీ 26 పడకలను అవి 13 చేయలేవు. డాక్టర్ల బర్న్‌అవుట్ మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి 2017లో చేసిన ఒక సమీక్షలో, మనిషికి శిక్షణ ఇవ్వడం కన్నా డ్యూటీ వేళలు, పని తీరు మార్చడమే ఎక్కువ ఫలితం ఇచ్చిందని తేలింది. నర్సులకు ఇది వర్తించదని అనుకోవడానికి నాకైతే కారణం కనిపించడం లేదు.

అందుకే డ్యూటీ చార్ట్ గురించి మాట్లాడటం నేర్చుకోండి. ‘మేడమ్, నాకు చాలా స్ట్రెస్‌గా ఉంది’ అంటే, ‘అందరికీ ఉంది’ అన్న జవాబే వస్తుంది. ‘మేడమ్, ఈ నెలలో నావి 14 నైట్లు అయ్యాయి, నైట్ దిగిన మర్నాడే రెండుసార్లు మార్నింగ్ పడింది. వచ్చే నెల నైట్ తర్వాత ఒక రోజు గ్యాప్ ఇవ్వండి’ అంటే ఎదుటివాళ్లు చార్ట్ తెరిచి చూడాల్సి వస్తుంది. ఒక్కరే వెళ్లే కన్నా వార్డులో నలుగురు కలిసి వెళ్తే ఇంకా మేలు.

నిద్ర విషయంలో మొహమాటం వద్దు. నైట్ దిగి వచ్చిన కూతురు పగలు పడుకుంటే, ఇంట్లోవాళ్లకు అది సెలవులా కనిపిస్తుంది. చుట్టాలొస్తే లేపుతారు, పాలవాడొస్తే లేపుతారు. ‘అమ్మా, మధ్యాహ్నం మూడింటి వరకు నాకు అర్ధరాత్రే’ అని ముందే చెప్పేయండి. కిటికీకి మందపాటి కర్టెన్, ఫోను పక్క గదిలో. వచ్చేదారిలో ఎండ తగలకుండా నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే నిద్ర త్వరగా పడుతుంది, ఎవరైనా స్టైలని నవ్వినా పర్వాలేదు. నైట్ దిగాక స్కూటీ నడపకండి. బస్సో, ఆటోనో.

తట్టుకునే పేరుతో చేసే తప్పులూ ఉన్నాయి. నిద్ర పట్టడం లేదని వార్డు ట్రేలోంచి మాత్ర తీసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. మందులు తెలిసినవాళ్లం కదా అన్న ధీమాయే ముంచుతుంది. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేక, తిండి నిద్ర పోయి, బతకాలని లేదనిపిస్తే అది బర్న్‌అవుట్ దాటిపోయిందని అర్థం. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళైనా చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. రోగికి కౌన్సెలింగ్ రాయించే మనం మనకోసం ఫోన్ చేయడానికి సిగ్గుపడతాం, ఇదో విచిత్రం.

ఇంటర్వ్యూలో మీరూ అడగండి

క్యాంపస్‌కు ఆసుపత్రి వాళ్లు వచ్చినప్పుడు మన పిల్లలు జీతం, హాస్టల్ అడిగి ఆగిపోతారు. అక్కడితో ఆగొద్దు. మర్యాదగా, నవ్వుతూ అడగండి. ‘సార్, నైట్‌లో ఒక స్టాఫ్ కింద ఎన్ని బెడ్లు ఉంటాయి?’ ‘వరుసగా ఎన్ని నైట్లు వేస్తారు, తర్వాత ఎన్ని ఆఫ్‌లు?’ ‘కొత్తవాళ్లను సీనియర్ పక్కన ఎన్ని వారాలు ఉంచుతారు?’ ఈ మూడోది చాలా ముఖ్యం. రెండో రోజునే వార్డు చేతికిచ్చే చోట మొదటి ఏడాదిలోనే భయం పట్టుకుంటుంది. జవాబు సూటిగా అంకెలో వస్తే మంచిది. ‘అదంతా అడ్జస్ట్ చేసుకుంటాం, మనది ఫ్యామిలీ లాంటి వాతావరణం’ అంటే, ఆ ఫ్యామిలీలో చాకిరీ ఎవరిదో ఊహించుకోవచ్చు.

చెప్పిన మాట నిజమో కాదో తెలుసుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. ఉదయం ఎనిమిదిన్నరకు ఆ ఆసుపత్రి ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర నిలబడండి. నైట్ దిగిన నర్సులు వస్తారు. ‘అక్కా, ఇక్కడ చేరుదామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?’ అని అడగండి. మీ వార్డులో రెండేళ్లు దాటినవాళ్లు ఎందరున్నారని కూడా అడగండి. హెచ్ఆర్ చెప్పనిది అక్కడ తెలుస్తుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇచ్చిరాకండి. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి. ఆరోగ్యం పాడై ఉద్యోగం మానాలనుకున్న రోజున ఆ కాగితాలు వాళ్ల బీరువాలో ఉంటే మీ కాళ్లు కట్టేసినట్టే. బాండ్ ఉంటే ఎన్ని నెలలు, మానేస్తే ఎంత కట్టాలి అన్నది చదవకుండా సంతకం పెట్టొద్దు. నియామక పత్రం అడిగి తీసుకోండి. 2025 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు దాన్ని తప్పనిసరి చేశాయి.

ప్రభుత్వ ఉద్యోగమే మేలంటారా? జీతం, సెలవులు, భద్రత విషయంలో కచ్చితంగా మేలు. ఎయిమ్స్ నిర్వహించే నార్సెట్ ద్వారా వచ్చే నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకు ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనమే 44,900. ఆ పరీక్ష రాయకుండా ప్రైవేటులో స్థిరపడిపోకండి. కానీ పెద్దాసుపత్రుల్లో వార్డు నిండి వరండాలో కూడా పరుపులు పడతాయని మీ క్లినికల్ పోస్టింగుల్లో చూసే ఉంటారు. అక్కడ కూడా లెక్క లెక్కే. రెగ్యులర్ పోస్టుకూ ఔట్‌సోర్సింగ్ పోస్టుకూ ఉన్న తేడా కూడా మరిచిపోవద్దు.

విదేశం వెళ్తే తీరుతుందా?

సగం తీరుతుంది. జీతం పెరుగుతుంది, గౌరవం కూడా. కానీ అక్కడివాళ్లూ అలసిపోయే ఖాళీలు చేస్తున్నారని, ఆ ఖాళీల్లోకే మిమ్మల్ని పిలుస్తున్నారని గుర్తుంచుకోండి. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ తన వందేళ్లకు పైబడిన చరిత్రలో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎన్నడూ లేని సమ్మెకు 2022 డిసెంబరులో దిగింది. జీతం, సిబ్బంది కొరతే కారణాలు. జర్మనీలో 2019 నుంచి కొన్ని విభాగాల్లో కనీస సిబ్బంది నిబంధన ఉంది. అయినా సర్జరీ వార్డులో పగలు పదిమందికి ఒకరు, రాత్రి ఇరవై మందికి ఒకరు ఉంటే ఆ నిబంధన ప్రకారం సరిపోయినట్టే. ఏజెంటు బ్రోచర్‌లో ఈ ఇరవై కనిపించదు.

దానికి తోడు భాష. రోగి నొప్పి ఎక్కడో అర్థం కాని వార్డులో ఒత్తిడి రెట్టింపవుతుంది. మొక్కుబడిగా కాకుండా బీ2 వరకు జర్మన్ నిజంగా వంటపట్టాకే విమానం ఎక్కండి. తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారా వెళ్లే దారి ఉంది. ముందు దాన్ని చూసి, తర్వాతే ఏజెంట్ల గడప తొక్కండి. అప్పు ఎంత ఎక్కువైతే, నచ్చని చోటునుంచి బయటపడటం అంత కష్టం. ఇది ఇక్కడైనా అంతే, అక్కడైనా అంతే.

ఇప్పటికే చేరిపోయారా?

వృత్తి మానేసే ముందు వార్డు మారి చూడండి. ఎమర్జెన్సీలో కుదేలైన మనిషి డయాలసిస్ యూనిట్‌లో స్థిమితంగా పనిచేయడం ఉంది. ఐసీయూలో చావులు చూడలేక అల్లాడిన అమ్మాయి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్‌లో రాణించొచ్చు. బీఎస్సీ చేసినవాళ్లకు ఎంఎల్‌హెచ్‌పీ పోస్టులు ఉన్నాయి. గ్రామ స్థాయిలో బీపీ, షుగర్ రోగులను చూసుకునే ఆ పనికి నైట్ల ఒరవడి వేరు, మీద పడే బరువూ వేరు. ఎమ్మెస్సీ చేసి బోధనలోకి వెళ్లొచ్చు. ఇవేవీ పారిపోవడాలు కావు. ఇంట్లో ‘అప్పుడే మార్పా?’ అంటే, మీ డ్యూటీ చార్ట్ తీసి చూపించండి.

నర్సింగ్ కాకుండా ఇంకేదో చదువుతూ ఇంతవరకు ఓపిగ్గా చదివినవాళ్లకూ ఒక మాట. కాల్ సెంటర్‌లో గంటకు ఎన్ని కాల్స్, బ్యాంకు సేల్స్‌లో నెలకు ఎంత టార్గెట్, బడిలో టీచర్‌కు వారానికి ఎన్ని పీరియడ్లు. పేరు వేరు, ప్రశ్న అదే.

కొత్తగా డ్యూటీలో చేరేవాళ్లు ఒక చిన్న పాకెట్ నోట్‌బుక్ కొనుక్కోండి. రోజూ ఇంటికి వచ్చేముందు మూడు అంకెలు రాయండి. ఎన్ని పడకలు చూశాను, ఎన్ని గంటలు ఉన్నాను, నిన్న ఎన్ని గంటలు నిద్రపోయాను. రోగుల పేర్లు, వివరాలు ఏవీ రాయొద్దు, అంకెలు చాలు. మూడు నెలలయ్యాక ఆ పుస్తకం తీసుకుని మీ ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గర కూర్చోండి. ఆమె కూడా ఒకప్పుడు నిలబడి అన్నం తిన్న మనిషే. సూపరింటెండెంట్ దగ్గరకు ఇంకో ఇద్దరు స్టాఫ్ కావాలని అడగడానికి వెళ్లే రోజున, ఆమెకూ చూపించడానికి ఏదో ఒక కాగితం కావాలి.